పట్టువిడుపుల రసాయనము: చెరువు నీటి పచ్చదనము, దానిని హరించు పదార్థములు

నిర్మల పట్టణమునకు పొనికి కర్ర బొమ్మల వలన కలిగిన ప్రసిద్ధి దేశాంతరములకు వ్యాపించినది గాని, ఒక చెరువు అలుగు దుమికిన నీరు దిగువనున్న మరియొక చెరువునకు చేరునట్లు పూర్వులు కూర్చిన గొలుసుకట్టు జలాశయములు ఆ పట్టణమును చుట్టుకొని యున్న సంగతి, బొమ్మలు కొనవచ్చువారిలో పెక్కుమందికి తెలియదు. ఆ కూర్పునందలి నేర్పే నేడొక చిక్కునకు కూడ కారణమగుచున్నది. ఏలయన ఎగువ చెరువున చేరిన దోషము, అలుగు పారిన ప్రతి వర్షాకాలమునందును, దిగువ చెరువునకు సంక్రమించును. పట్టణపు చెరువులన్నిటికి నేడు సామాన్యమైన ఆ దోషమును జనులు నాచు అందురు, పాచి అందురు, కొన్ని చోట్ల గుర్రపుడెక్క అందురు. ఇవి దోషము యొక్క రూపములే గాని మూలము కావు.

వేసవి ముదిరిన దినములలో అట్టి పచ్చని నీటిని ఒక కడవెడు తెచ్చి, నాలుగు మడతల గుడ్డతో వడపోసి, కుండ లోపలి అంచున ఇండుపు గింజను అరగదీసి, రాత్రియంతయు కదలింపక యుంచినచో, మరునాటికి మడ్డి అడుగంటి పైన తేటనీరు నిలుచును. ఈ ఉపాయము మన యిండ్లలో తరతరములుగా నున్నదే. ఆ తేటనీటిని గాజుపాత్రలో పోసి ఎండ తగులుచోట నుంచినచో, కొలది దినములలో అది మరల పచ్చబడును. కంటికి ఏమియు కనబడని నీటిలో ఈ పచ్చదనము ఎక్కడ దాగియుండెను? నాచు బీజములు అతిసూక్ష్మములు గనుక గుడ్డకు చిక్కక మిగిలినవని చెప్పవచ్చును. అది నిజమే గాని సగము నిజము. బీజము మిగిలినంత మాత్రమున పైరు పెరుగదు, దానికి ఆహారము కావలెను. గుడ్డ తేలు వస్తువును పట్టును. ఇండుపు గింజ నీటిలో వ్రేలాడు మట్టిరేణువులను ఒకచోట గూర్చి క్రిందికి దింపును. కాని నీటిలో సంపూర్ణముగా కరగి, నీటి అణువుల నడుమ తిరుగాడు లవణములను ఈ రెండును తాకనైన తాకవు. అట్లు కరగిన ఆహారమును వేరుచేయుటకు వడపోతయు కాని, తేర్చుటయు కాని మూడవ పద్ధతి యొకటి కావలెను. కరగిన పదార్థము ఒక ఘనపదార్థపు ఉపరితలమునకు అంటుకొని నిలిచిపోవుటయే ఆ పద్ధతి. శాస్త్రజ్ఞులు దీనిని అధిశోషణమందురు. అట్లు పట్టి నిలుపు పదార్థమును అధిశోషకమందురు.

నాచునకు అన్నమెక్కడిది?

పైరునకు కావలసినవే నాచునకును కావలెను. బొగ్గుపులుసు గాలి ఆకాశమునుండి నీటిలోనికి దిగును. వెలుతురునకు మన దేశమున కొదువ లేదు. మిగిలినవి నత్రజని, భాస్వరము. ఈ రెండింటిలో మంచినీటి చెరువు పచ్చదనమును శాసించునది ఏదియను వివాదము 1970 ప్రాంతమున పాశ్చాత్యదేశములలో తీవ్రముగా నడిచినది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున ప్రయోగములకై ప్రత్యేకించిన సరస్సులలో 226వ సంఖ్య గలదానిని, డేవిడ్ షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి, 1973లో నడుమ తెరగట్టి రెండు భాగములు చేసెను. ఒక భాగమున కర్బనమును నత్రజనిని కలిపిరి. రెండవ భాగమున ఆ రెంటితోపాటు భాస్వరమును గూడ కలిపిరి. భాస్వరము పడిన భాగము చిక్కని పచ్చదనము దాల్చెను, రెండవది తేటగానే యుండెను. ఆకాశమునుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రమును చూచిన పిదప వాదించువారి సంఖ్య తగ్గిపోయెను. నీలిహరిత నాచులలో కొన్ని, నత్రజని నీటిలో కొరవడినను, గాలినుండి దానిని స్వయముగా సంపాదించుకొనగలవు. భాస్వరమును అట్లు సంపాదించు దారి ఏ జీవికిని లేదు. భాస్వరమునకు వాయురూపమున సంచారము లేకపోవుటయే ఇందులకు కారణము.

పచ్చని నీరు కంటికి అసహ్యముగా నుండుటతో సమస్య తీరదు. ఒక్కసారిగా పెరిగిన నాచు ఒక్కసారిగా చచ్చి అడుగున క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించును. తెల్లవారునప్పటికి చేపలు వెలికిలబడి తేలును. నీలిహరిత నాచులలో కొన్ని విషమును గూడ పుట్టించును. 2014 ఆగష్టులో అమెరికాలోని ఈరీ సరస్సు ఒడ్డున గల టొలీడో నగరమున సుమారు 4 లక్షల మందికి కుళాయి నీరు త్రాగరాదని ఆజ్ఞ వెలువడుటకు కారణము అట్టి నాచు విషమే. ఆ నీటిని కాచినను విషము పోదని అధికారులు హెచ్చరింపవలసి వచ్చెను.

బస్తా లెక్క (పెట్టెలో)

*డీఏపీ బస్తా 50 కిలోలు. అందు భాస్వరము, ఎరువుల వాడుకలో చెప్పు ఆమ్లజనిదరూపమున, 46 శాతము, అనగా 23 కిలోలు. శుద్ధ భాస్వరముగా లెక్కించినచో సుమారు 10 కిలోలు. లీటరు నీటిలో భాస్వరము 0.1 మిల్లీగ్రామునకు చేరినచో ఆ చెరువు నాచునకు పుష్కలమైన పొలమగును. ఈ లెక్కన ఒక్క బస్తా భాస్వరము 10 కోట్ల లీటర్ల నీటిని చెరుపగలదు. అది 12 ఎకరముల విస్తీర్ణమున రెండు మీటర్ల లోతున నిలిచిన నీరు. ఒక గ్రాము భాస్వరము సుమారు 100 గ్రాముల ఎండు నాచును పుట్టింపగలదు గనుక, ఒక బస్తా వెనుక ఒక టన్ను ఎండు నాచు పొంచియున్నదన్న మాట.*

*మనుష్యుడొక్కడు దినమునకు విసర్జించు భాస్వరము ఒక గ్రాము, లేక అంతకు కొంచెము ఎక్కువ. పదివేల జనము గల పేట మురుగు శుద్ధి లేకయే చెరువున కలిసినచో, ఇంచుమించుగా దినమునకొక డీఏపీ బస్తాను చెరువులో గుమ్మరించినట్లే.*

మట్టి ఎరిగిన విద్య

ఇక్కడ రైతునకొక సందేహము కలుగవలెను. దుక్కిమందుగా వేసిన డీఏపీలోని భాస్వరము వేసినచోటనే మట్టికి పట్టుకొని యుండునని, కదలదని, అందుచేత దానిని వేరునకు దగ్గరగా వేయవలెనని వ్యవసాయాధికారులు చెప్పుదురు. యూరియా మాత్రము వానకు కొట్టుకొని పోవునని, విడతలుగా వేయుమని వారే చెప్పుదురు. రెండును నిజములే. ఒకే మట్టి ఒకదానిని పట్టుకొని మరియొకదానిని వదలుట ఎట్లు? పట్టుకొనిన భాస్వరము చెరువునకు చేరుట ఎట్లు?

ఈ ప్రశ్నలకు మొదటి జవాబు పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఇంగ్లండులో దొరికినది. యార్క్‌షైరు ప్రాంతపు భూస్వామియగు హెచ్. ఎస్. థామ్సన్, అమ్మోనియా లవణము కరగిన నీటిని మట్టి గుండ పోయించి చూడగా, క్రింద కారిన నీటిలో అమ్మోనియా కానరాలేదు. ఆ విషయమును పట్టుకొని థామస్ వే అను రసాయనజ్ఞుడు విస్తారముగా పరీక్షలు చేసి 1850లో ప్రకటించెను. పైనుండి అమ్మోనియం సల్ఫేటు పోసినచో క్రిందనుండి కాల్షియం సల్ఫేటు కారుచున్నది. అనగా మట్టి అమ్మోనియాను ఊరక మ్రింగుటలేదు, దానికి సరితూగు సున్నమును విడిచి పుచ్చుకొనుచున్నది. ఇది గ్రహణము కాదు, వినిమయము. అధిశోషణ విద్య సమస్తమును ఈ ఒక్క మాటపై నిలిచియున్నదని నా అభిప్రాయము. తరువాత వచ్చిన సిద్ధాంతములు, సమీకరణములు దానికి భాష్యములు.

నిర్మల జిల్లా ఈ వినిమయమునకు చక్కని ప్రదర్శనశాల. పడమట భైంసా, ముధోలు ప్రాంతములలో అగ్నిపర్వత శిలలు క్రుళ్లి ఏర్పడిన నల్లరేగడి కలదు. తూర్పుగా వచ్చినకొలది బండనేలల నుండి పుట్టిన ఎర్రచెలకలు కనబడును. రేగడిలోని బంకమట్టి, కాగితము కంటె ఎన్నో రెట్లు పలుచనైన రేకుల దొంతర. వానలో ఆ రేకుల నడుమ నీరు చొచ్చి నేల ఉబ్బుటకును, వేసవిలో అది బీటలు వారుటకును ఈ నిర్మాణమే హేతువు. ఆ రేకుల మీద ఋణవిద్యుత్తు ఉండును. అందుచే ధనవిద్యుత్తు గల అమ్మోనియము వానిపై నిలుచును. ఎర్రచెలకకు ఎరుపునిచ్చిన ఇనుప తుప్పు, దానితో కలిసియుండు అల్యూమినియపు ఆమ్లజనిదములు, ఋణవిద్యుత్తు గల భాస్వరపు లవణమును, అనగా ఫాస్ఫేటును, గట్టిగా పట్టును. రేగడిలోని సున్నపు అంశము కూడ ఫాస్ఫేటును కొంత బంధించును. యూరియా నేలలో మార్పుచెంది కడకు నైట్రేటు అగును. నైట్రేటు కూడ ఋణవిద్యుత్తు గలదే గాని, ఇనుముతో దానికి అట్టి బంధుత్వము లేదు. రేగడి దానిని త్రోసివేయును, చెలక దానిని లెక్కచేయదు; అది వాననీటితో దిగి బోరుబావికి చేరును.

ఇక రెండవ ప్రశ్న. మట్టిని విడువని ఫాస్ఫేటు, మట్టితోపాటే ప్రయాణము చేయును. మృగశిర కార్తెలో మొదటి వానలు పడునప్పటికి చేలు దున్ని, పైరు లేక, బోసిగా నుండును. ఆ వానలకు కొట్టుకొనివచ్చు ఎర్రని ఒండ్రునీరు, తన ప్రతి రేణువుపై ఫాస్ఫేటును మోసికొని వచ్చి చెరువులో దించును.

బాసర సత్రములో ఒక రాత్రి

అధిశోషకము ఎట్లు పనిచేయునో గ్రహించుటకు వసంతపంచమి నాటి బాసర సత్రమును తలచుకొనుట చాలును. సత్రమున గదులు ఇన్ని యని నిర్ణయము కలదు. ఎంత విశాలమైన వసారాలున్నను, ఎంత ఎత్తైన గోపురమున్నను, బస చేయువారి సంఖ్యను నిర్ణయించునది గదుల సంఖ్య గాని కట్టడపు బరువు గాదు. అధిశోషకమునందు గది యనగా ఉపరితలముపై అణువు నిలువదగిన చోటు. కావుననే ఈ పదార్థములను పొడిచేసి, కాల్చి, ఆమ్లములతో కడిగి, లోపల సూక్ష్మరంధ్రములు ఏర్పరచుట. మేలైన ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాము లోపలి ఉపరితలమును పరచి కొలిచినచో 1000 చదరపు మీటర్లు, అనగా పది గుంటల నేల.

సత్రములో గదులన్నియు ఖాళీగా నున్నవనుకొనరాదు. ఎవరో ఒకరు ముందే దిగియుందురు. ఇనుప తుప్పు గదులలో ముందుగా నున్నది నీటి సంబంధమైన హైడ్రాక్సిల్ జంట. ఫాస్ఫేటు వచ్చి దానిని లేవదీసి, దాని స్థానమున తాను కూర్చుండి, ఇనుముతో నేరుగా బంధము కలుపుకొనును. అది విద్యుదాకర్షణచే మాత్రము గుమ్మమున నిలిచిన అతిథి గాదు, తలుపు మూసికొని లోపల గడియ వేసికొనిన అతిథి. అందుచేతనే సామాన్యపు ఉప్పునీటితో కడిగినంత మాత్రమున అది వెలికి రాదు. రేగడిలోని అమ్మోనియము సంగతి వేరు. అది గుమ్మముకడ నుండునది, సున్నమో పొటాషియమో ఎక్కువగా వచ్చి త్రోసినచో లేచిపోవును.

పండుగనాడు సత్రమునకు వచ్చువారందరును మనము కోరినవారే కారు. చెరువు నీటిలో ఫాస్ఫేటు లీటరునకు మిల్లీగ్రాములో కొద్ది పాలు. సున్నపుబండల నుండి వచ్చిన బైకార్బనేటు వందల మిల్లీగ్రాములు. ఇసుక సంబంధమైన సిలికేటు, క్రుళ్లిన ఆకులనుండి వచ్చు ఆమ్లములు మరికొన్ని. వీరందరును అవే గదులకై పోటీపడుదురు. ప్రయోగశాలలో స్వేదనజలమున ఫాస్ఫేటు నొక్కదానినే కరగించి, మా పదార్థము కిలోకు ఇన్ని పదుల గ్రాములు పట్టినదని ప్రకటించు పరిశోధనలు ప్రతియేట పెక్కులు వెలువడుచున్నవి; అవి పండుగ లేని దినమున సత్రపు గదులను లెక్కించిన లెక్కలు. అట్టి అంకెలను చూచి మురిసిపోవుటకు ముందు, పరీక్షింపబడిన నీరు ఏ చెరువుదో అడుగుట మంచిది.

గదులన్నియు నిండిన పిదప ఎంత మంచి సత్రమైనను పనికిరాదు. అప్పుడు రెండే మార్గములు. అతిథులను సాగనంపి మరల తెరచుట, లేదా కట్టడమునే విడిచివేయుట. ఈ రెండవ మార్గమును గురించి ముందు చెప్పవలసినది కలదు.

అడుగుమట్టి తిరుగబడుట

హైదరాబాదులోని హుస్సేన్‌సాగరు 1562 ప్రాంతమున కుతుబ్‌షాహీల కాలమున కట్టినది. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున నగరపు నాలాలు దానిలో మురుగును చేర్చి దానిని పచ్చని, దుర్గంధభూయిష్ఠమైన మడుగుగా మార్చినవి. 2006లో జపాను ప్రభుత్వ ఋణసాహాయ్యముతో ప్రారంభమైన ప్రణాళిక క్రింద మురుగును దారి మళ్లించుట, శుద్ధి కేంద్రములు నిర్మించుట, పూడిక తీయుట జరిగినవి. ఇట్టి చోట్ల ప్రపంచమంతట కనబడు ఒక విచిత్రము కలదు. బయటినుండి వచ్చు మురుగును ఆపినను, చెరువు ఏండ్ల తరబడి పచ్చగానే యుండును. లోపల ఎవరో మేపుచున్నట్లు తోచును, మేపుచున్నది అడుగుమట్టి.

పగటివేళ గాలి కలియు నీటిలో ఇనుము తుప్పురూపమున నుండి ఫాస్ఫేటును పట్టుకొని యుండును. చచ్చిన నాచు అడుగున క్రుళ్లి ప్రాణవాయువు హరించినప్పుడు, అక్కడి సూక్ష్మజీవులు ఊపిరికై ప్రాణవాయువునకు బదులుగా తుప్పులోని ఇనుమును వాడుకొనును. అప్పుడు ఇనుము రూపము మార్చి నీటిలో కరగిపోవును. గదులే కూలిపోగా అతిథులు వీధిని పడక యేమగుదురు? ఫాస్ఫేటు మరల నీటిలోనికి వచ్చును, నాచు మరల పెరుగును, చచ్చును, అడుగున ప్రాణవాయువును మరల హరించును. ఇంగ్లండు సరస్సులలో మార్టిమర్ అను శాస్త్రజ్ఞుడు 1941, 1942 సంవత్సరములలో ఈ చక్రమును విశదముగా వర్ణించెను. దీనికి తోడు, ఎండ వేళ నాచు బొగ్గుపులుసు గాలిని పీల్చివేయుటచే నీటి క్షారగుణము పెరుగును. క్షారము పెరిగిన నీటిలో తుప్పు ఉపరితలమునకు ఋణవిద్యుత్తు వచ్చి, తానే ఫాస్ఫేటును వెలికి నెట్టును. నాచు తన అన్నమునకు తానే తాళము తీసికొనుచున్నది.

పదార్థముల పరంపర

మట్టిచేయు ఈ పనిని మట్టికంటె నిలకడగా చేయింపవలెనను ప్రయత్నమే నేటి అధిశోషకములన్నియు.

అమ్మోనియమునకు జియోలైటు ప్రసిద్ధము. దక్కను పీఠభూమి నల్లరాతి బొల్లులలో తెల్లగా, గులాబిరంగుగా మెరయు స్ఫటికములుగా ఇది మహారాష్ట్రమున విరివిగా దొరకును. దాని లోపలి సొరంగముల వెడల్పు అమ్మోనియమునకు సరిగా పట్టును. భీమవరము ప్రాంతపు రొయ్యల చెరువులలో అమ్మోనియా పెరిగినదని తెలిసినంతనే జియోలైటు బస్తాలు చల్లుట ఆక్వా రైతులందరు ఎరిగిన అలవాటు. కాని ఉప్పునీటి చెరువున సోడియము వేల మిల్లీగ్రాముల కొలదిగా నుండి సొరంగములను ముందే ఆక్రమించును. మంచినీటి చేపల చెరువున పనిచేసిన బస్తా, ఉప్పునీటి రొయ్యల చెరువున అంతగా పనిచేయకపోవుట దుకాణదారు మోసము చేతనే కానక్కరలేదు.

ఫాస్ఫేటునకు ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థయగు సీఎస్ఐఆర్ఓ 1990ల నాటి పరిశ్రమలో ఒక చక్కని యుక్తి పన్నినది. రేగడి కుటుంబమునకే చెందిన బెంటొనైటు బంకమట్టి రేకుల నడుమనుండు సోడియమును తొలగించి, లాంథనము అను అరుదైన లోహమును ప్రవేశపెట్టిరి. చెరువుపై చల్లిన ఆ మట్టి దిగుచు దిగుచు ఫాస్ఫేటును పట్టి, అడుగున మిల్లీమీటరు ప్రమాణపు పొరగా నిలుచును. అడుగునుండి పైకి వచ్చు ఫాస్ఫేటును గూడ అక్కడనే ఆపును. లాంథనమునకు ఇనుమునకు వలె రూపము మారు దౌర్బల్యము లేదు. ప్రాణవాయువు పోయినను దాని పట్టు సడలదు. ఫాస్లాక్ అను పేర ఇది పెక్కు దేశములలో విక్రయింపబడుచున్నది. కిలో భాస్వరమునకు సుమారు 100 కిలోల మట్టి కావలెను. ఇందులకగు వ్యయము మన పురపాలక సంఘములు మోయదగినది కాదు.

మనకు అందుబాటున నున్నది, ఎవరును గణింపనిది, మరియొకటి కలదు. గోదావరి నీటిని త్రాగుటకు శుద్ధిచేయు ప్రతి కేంద్రమునందును పటిక వేయుదురు; పటికతో అడుగంటిన మడ్డిని తీసి పారవేయుదురు. ఆ మడ్డి అల్యూమినియపు హైడ్రాక్సైడు; ఎండబెట్టి గుల్లచేసినచో ఫాస్ఫేటును పట్టుటకు సరసమైన సరకు. ఐర్లండు మొదలగు దేశములలో మురుగునీరు పారు రెల్లుమడులలో దీనిని పరచి పరిశీలించినారు. ఊరికి మంచినీరు తెచ్చిన పటిక, ఆ ఊరి మురుగునకు రెండవమారు ఉపయోగపడుట సంభవమే. అయితే దానిలో చేరియుండు ఇతర లోహములను పరీక్షింపక వాడరాదు.

నైట్రేటు మొండితనము

నైట్రేటును గురించి ఆశలు పెంచుకొనకుండుట మంచిది. త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాములు మన దేశపు ప్రమాణము పెట్టిన హద్దు. 2024లో వెలువడిన కేంద్ర భూగర్భజల మండలి నివేదికలో తెలంగాణ నమూనాలలో నాలుగింట ఒక వంతుకు పైగా ఆ హద్దు దాటినవి. పసిపిల్లలకు హద్దుమీరిన నైట్రేటు నీటితో పాలు కలిపి పోసినచో, రక్తము ప్రాణవాయువును మోయు శక్తి కోలుపోయి దేహము నీలివర్ణము దాల్చునని 1945లో అమెరికాలోని అయోవా వైద్యుడు కామ్లీ గుర్తించెను. నైట్రేటును పట్టుటకు ప్రత్యేకముగా చేసిన రెజిన్ పూసలు గలవు. అవి క్లోరైడును విడిచి నైట్రేటును పుచ్చుకొనును. నిండిన పూసలను చిక్కని ఉప్పునీటితో కడిగి మరల వాడుకొనవచ్చును. కాని ఆ కడిగిన నైట్రేటు ఉప్పునీటిని ఎక్కడ పోయుదుము? ఊరి వెనుక గుంటలో పోసినచో అది తిరిగి అదే బోరునకు దిగును. నైట్రేటు విషయమున అధిశోషకము కంటె, దానిని నిరపాయమైన నత్రజని వాయువుగా మార్చు సూక్ష్మజీవులకు కొయ్యముక్కలు మేతగా వేసిన గుంటలు నమ్మదగినవి.

గట్టిగా పట్టునదే మేలైనదా?

పట్టులో లాంథనమును మించినది లేదు. కాని అది పట్టిన భాస్వరము చెరువు అడుగున శాశ్వతముగా సమాధియైనట్లే. భారతదేశమున ఫాస్ఫేటు శిల కొద్ది; ఉదయపూరు సమీపమున ఝామర్‌కోట్ర వంటి గనులున్నను, మన డీఏపీకి కావలసిన భాస్వరము అధికభాగము విదేశములనుండి ఓడలలో వచ్చుచున్నది. ఓడలో తెచ్చి, చేనిలో చల్లి, చెరువున పోగొట్టుకొని, ఆపైన మరియొక వ్యయముతో దానిని పాతిపెట్టుట ఎట్టి గృహస్థధర్మము? పటికమడ్డి కూడ ఇట్టిదే. నిండక ముందు చేనిలో వేసినచో మట్టిలోని భాస్వరమును గూడ పైరునకు అందనీయక తానే మ్రింగును.

ఇందుచేత అధిశోషకమును ఎన్నుకొనుటకు ముందు, పట్టిన అతిథిని ఎక్కడికి పంపవలెనో నిశ్చయించుకొనవలెను. పాతిపెట్టుటయే ఉద్దేశమైనచో గట్టిపట్టు కావలెను. పైరునకు తిరిగి ఇచ్చుట ఉద్దేశమైనచో పట్టుతోపాటు విడుపును కావలెను. మన రైతులు ఈ రెండవ మార్గమును పేరు పెట్టక ఆచరించుచునే వచ్చిరి. వేసవిలో ఎండిన చెరువునుండి పూడికమట్టిని బండ్లతో తోలి చెలకల్లో పోయుట, ఆ మన్ను పోసిన చేనికి మందు తక్కువ పట్టునని చెప్పుకొనుట తెలంగాణమంతట వినవచ్చు మాట. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మెదకు జిల్లా చెరువుల పూడికను పరీక్షించి, అందలి పోషకములకు ఎరువుల ధరతో వెల కట్టి 2003లో ప్రకటించిరి. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ, రాష్ట్రమునందలి 46 వేలకు పైబడిన చెరువులను ఉద్దేశించి, పూడికను రైతులు తమ పొలములకు తరలించుకొనుటను ప్రోత్సహించినది. ఆ పథకమును నీటి నిలువ కొరకే యని తలచువారు, దాని రసాయనిక ఫలమును సగము విడిచివేసినవారగుదురు: పూడిక యనగా నిండిన సత్రము. అయితే ఊరి మురుగు చేరు పట్టణపు చెరువుల పూడికలో లోహములు, ఇతర మలినములు ఉండవచ్చును గనుక, పరీక్ష లేక చేనికి తరలించుట తగదు.

పట్టువిడుపులు రెండును గల కొత్త పదార్థమొకటి ఈ జిల్లాకు సహజముగా సరిపోవును. పత్తి ఏరుట ముగిసిన పిమ్మట ఆదిలాబాదు, నిర్మల ప్రాంతముల చేలలో పత్తికట్టె పీకి, కుప్పవేసి కాల్చుట పరిపాటి. గాలి చొరనీయక ఆ కట్టెను కాల్చినచో బొగ్గుగా మారును. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, అనగా క్రీడా, పత్తికట్టెను ఇట్లు బొగ్గుచేయుటకు రైతు తానే వాడుకొనదగిన పీపా బట్టీని రూపొందించి, ఆ బొగ్గు నేలకు చేయు మేలును పరిశీలించినది. కేవలము బొగ్గు ఫాస్ఫేటును బాగుగా పట్టదు. దాని ఉపరితలము కూడ ఋణవిద్యుత్తు గలదే. కట్టెను కాల్చుటకు ముందు మెగ్నీషియపు లవణద్రావణమున నానబెట్టినచో, బొగ్గు రంధ్రములలో మెగ్నీషియపు ఆమ్లజనిదము నిలిచి ఫాస్ఫేటును పట్టును. ఆ పట్టు ఇనుము పట్టంత గట్టిది కాదు. నిండిన బొగ్గును చేనిలో వేసినచో భాస్వరమును మెల్లమెల్లగా వేరునకు విడుచును. పట్టులోని ఈ కొరతయే ఇక్కడ గుణము.

కాని ఇంతలోనే ఊరి మురుగు కాలువను పత్తి బొగ్గుతో నింపుటకు పరుగెత్తరాదు. చెరువు నీటి పోటీలో కిలో బొగ్గు 10 గ్రాముల భాస్వరమును పట్టినదనుకొన్నను, పదివేల జనము గల పేట దినమునకు పంపు 10 కిలోలకు దినమునకొక టన్ను బొగ్గు కావలెను. ఏ పత్తిచేలును అంత కట్టెను నిరంతరముగా ఈయలేవు. మురుగును మొదట శుద్ధి కేంద్రమున సూక్ష్మజీవులు శోధింపవలెను. ఆపైన మిగులు కొద్ది భాస్వరమును, చేల నడుమ నుండి చెరువునకు దిగు వాగుల నీటిలోని భాస్వరమును పట్టుటయే అధిశోషకమునకు తగిన పని. ఈ చిన్న పనికి కాలము కూడ అనుకూలించుచున్నది: పత్తికట్టె చేతికి వచ్చు మాఘఫాల్గుణములలో చెరువులు తగ్గి, కాలువ నోళ్లు బయటపడి, బొగ్గుమడి పరచుటకు చోటు దొరకును, ఒక వానకాలము, ఒక శీతకాలము నీరు దాని గుండ పారును, ఆ మరుసటి వేసవిలో మడిని త్రవ్వి కొత్త బొగ్గు పోసి, పాత బొగ్గును ఆ కాలువకు ఎగువనున్న చేలకే మృగశిర నాటికి దుక్కిమందుతోపాటు చల్లవచ్చును.